డి, ఓ జాగా, నంబరు, ఎంటర్

ఆ రోజుల్లో, అంటే కోల్‌కతాలో ఎర్రజెండా ప్రభుత్వం ఇంక ఎప్పటికీ దిగదని దాన్ని తిట్టేవాళ్లు కూడా నమ్ముతున్న రోజుల్లో, ఒక కొత్తరకం ట్రాన్సిస్టరుకి ఏ కాలు ఏమిటో తెలుసుకోవాలంటే భవానీపూర్ నించి చాందినీ బజారుకి పోవాలి. అక్కడ ఒక ముసలాయన దగ్గర ఇటుకంత లావు పుస్తకం ఉండేది. లోకంలో ఉన్న ఎలక్ట్రానిక్ పార్టులన్నిటి జాతకాలూ అందులో ఉన్నాయని మేం మిస్త్రీలం, అంటే రిపేరు పనివాళ్లం, చెప్పుకునేవాళ్లం. ఆయన టీ తాగడం అయ్యాక, పేపరు చదవడం అయ్యాక, పేపర్లో చదివిన దాని మీద పక్క కొట్టువాడితో పోట్లాడడం కూడా అయ్యాక, మన పార్టుని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించి, "ఇది కూడా తెలీకుండానే మిస్త్రీవయ్యావా?" అనేవాడు. ఆ మాట వినడానికి నేను నెలకి నాలుగుసార్లు టిక్కెట్టు కొనుక్కుని మెట్రో ఎక్కేవాణ్ణి. ఇప్పటివాళ్లకి చెబితే నమ్మరు. నమ్మకపోతే పోనీ, నాకేం నష్టం లేదు.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత దాచానని అనొద్దు. నేను బడికి పోలేదు. మా నాన్న శ్రీకాకుళం నించి వచ్చి ఇక్కడ మునిసిపాలిటీలో చెత్తబండి తోలేవాడు. పదేళ్లప్పుడు నన్ను రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర వదిలాడు. చేతికి పని వచ్చింది, కంటికి అక్షరం రాలేదు. తెలుగు రాయడం, చదవడం ముప్పై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను, అదీ జ్ఞానం కోసం కాదు, అనుమానం కొద్దీ. ఊరినించి మా అన్న రాసిన ఉత్తరాలు మా ఆవిడ (ఐదో తరగతి పాసు) చదివి వినిపించేది. మూడు పేజీల ఉత్తరం రెండు నిమిషాల్లో అయిపోయేది. మావాళ్లు తనని తిట్టిన ముక్కలన్నీ మింగేస్తోందని నాకు గట్టి అనుమానం. అందుకని ఆవిడ చేతే అ ఆలు దిద్దించుకుని, ఏడాది తిరిగాక ట్రంకుపెట్టె తీసి పాత ఉత్తరాలన్నీ కూడబలుక్కుని చదివాను. తిట్లు ఉన్నాయి. అన్నీ నన్నే. (ఆ రోజు నించి ఈ రోజు దాకా మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందని నేను అనలేదు.)

ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఎవరూ నేర్పలేదు, పార్టుల వీపుల మీద చూసి పోల్చుకున్నాను. వరసగా చెప్పమంటే ఇప్పటికీ రావు. డయోడుల మీద చూసింది డి, ఐసీల మీద చూసినవి ఎల్, ఎం, ట్రాన్సిస్టర్ల మీద చూసినవి బి, సి, ఎన్, టి, కెపాసిటర్ల మీద చూసింది వి. పార్టుల మీద కనపడని అక్షరాలతో నాకు పరిచయం లేదు. గుండ్రంగా ఏది కనపడినా సున్నాయే. ఈ కథ జరిగేనాటికి నాకు నలభై రెండు. "నలభై రెండేళ్లోడి కత కుర్రతనం కతేటి?" అని మా ఆవిడ ఇప్పుడే వెనకనించి అంటోంది. అక్షరాల లెక్కన చూస్తే అప్పటికి నాకు నాలుగేళ్లు. ఆ వయసుకి తగ్గ పనే చేశాను.

మా షాపు భవానీపూర్‌లో ఒక ఇరుకు గల్లీలో ఉండేది. యజమానిని నేను గొడుగు దాదా అంటాను (వెనకాలే, ముందు దాదా అనే). పై అంతస్తువాళ్ల స్నానాలగది నీళ్లు సరిగ్గా ఆయన కూర్చునే చోటే చుక్క చుక్కా కారేవి కాబట్టి షాపులో కూడా గొడుగు పక్కనే పెట్టుకునేవాడు. కుర్చీ కొంచెం జరిపితే సరిపోయేది, కానీ జరపలేదు. అది తన తండ్రి కూర్చున్న చోటట. చోటు విషయంలో నేనూ అంతే. కిటికీ పక్క వెలుతురు బాగా పడే చోట నాకొక ఎత్తు స్టూలుండేది. పందొమ్మిదేళ్లు దాని మీదే కూర్చుని టీవీలూ, ఆంప్లిఫయర్లూ, ఇన్వర్టర్లూ బతికించాను. ఆ స్టూలు మీద కూర్చున్నవాడే ఆ షాపుకి పెద్ద మిస్త్రీ. ఎక్కడా రాసిలేదు, కానీ గల్లీ అంతటికీ తెలుసు.

ఒక శీతాకాలం దాదా షాపులోకి కంప్యూటరు వచ్చింది. నెట్టు కూడా పెట్టించాడు. పెట్టించి నా వైపు తిరిగి (ఆయన మాట్లాడేది బెంగాలీ, నేను తెలుగులో రాస్తున్నాను కాబట్టి తీపి కొంచెం తగ్గుతుంది) అన్నాడు కదా: "శోనో మిస్త్రీ, విను, వచ్చే నెల ఒకటో తారీఖు నించి ఒక డిప్లొమా అబ్బాయి వస్తాడు. పార్టుల సమాచారం అంతా కంప్యూటర్లో వెతుకుతాడు. అతను ఆ స్టూలు మీద కూర్చుంటాడు. నువ్వు వెనకగదిలో కూర్చుని అతను చెప్పిన చోట టంకం పెట్టు. జీతం అదే."

జీతం అదే! వెనకగదిలో కిటికీ లేదు. పందొమ్మిదేళ్ల తర్వాత ఒకడు చూపించిన చోట టంకం పెట్టాలి! నేను దాదా ముఖం మీదే అడిగేశాను: "నేనే కంప్యూటర్లో వెతికితే?" దాదా పావుగంట నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "వెతికి చూపించు. ఒక్క కొత్త పార్టు, ఒక్క పని, చాందినీకి పోకుండా. చేస్తే స్టూలు నీదే," అన్నాడు.

మా చెల్లెలి మొగుడు లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ల అమ్మాయి, నా మేనకోడలు, అప్పుడు ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, రాసింది చూపిస్తే ముఖం తిప్పుకుంటుంది. తెలుగు అక్షరాలన్నీ జంతికల్లా ఉంటాయట దానికి. ఆదివారం వాళ్లింటికి పోయి సంగతి చెప్పాను.

"ఓలే గుంటా, నాకు నువ్వు కంపూటరు నేర్పీ. నీకు నేను తెలుగు నేర్పుతాను."

"మావయ్యా, నువ్వా? నాకా?" అని అది పడీ పడీ నవ్వింది. నవ్వి, మర్నాడు కాలేజీ నించి తిన్నగా షాపుకి వచ్చేసింది.

వచ్చి ఏం చేసిందో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. పార్టుల జాతకాలుండే సైటు ఒకటి తెరిచింది. జాతకాలని వాళ్ల భాషలో డేటాషీట్లంటారు. అందులో వెతకడానికి ఒక పెట్టె ఉంది. దాని మీద మౌసు కుడి మీట నొక్కి, వచ్చిన జాబితాలో ఒకటి ఎంచి, ఏదో రాసింది. "మావయ్యా, ఈ సైటుకి నేను డి అని ముద్దుపేరు పెట్టీసేను. నువ్వు దాని పూర్తిపేరు రాయక్కర్లేదు, చదవక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని ఎల్ నొక్కితే పైన అడ్రసు పట్టీ మీదకి వెళ్తావు. అక్కడ డి కొట్టు, ఓ జాగా వదులు, పార్టు నంబరు కొట్టు, ఎంటర్. బస్, శేష్, అయిపోయింది!"

డి నాకు తెలుసు. ఎల్ నాకు తెలుసు. జాగా అంటే పొడుగు మీట. కంట్రోల్ ఏదో గుర్తుండదంటే, అది తన సంచీలోంచి గోళ్లరంగు తీసి ఆ మీట మీద ఎర్రగా పూసింది. (దాదా అది చూసి, "ఏమిటిది, పార్టీవాళ్లు ఇక్కడిక్కూడా వచ్చేశారా!" అన్నాడు.) ఒక్క వేలితో మొదలెట్టాను. డి. జాగా. బి, సి, అయిదు, నాలుగు, ఏడు. ఎంటర్. అంతే! పేజీ తెరుచుకుంది, అందులో నా బీసీ 547 బొమ్మ, మూడు కాళ్లూ, కాలికి ఎంత కరెంటో అంకెలూ! నేను స్టూలు మీదనించి దూకాను. చాందినీ ముసలాయన లేడు, ఆయన టీ లేదు, ఆ మాట లేదు! చదువుకున్నవాళ్లకి ఇది చిన్న సదుపాయం కావచ్చు. నాకు మాత్రం ఇంగ్లీషు అనే పెద్ద గోడకి ఎవరో నా వెడల్పుకి సరిగ్గా ఒక తలుపు పెట్టినట్టయింది.

ఆ వారం నన్ను ఎవరూ పట్టలేకపోయారు. డబ్బాల్లో ఉన్న పార్టులన్నీ వెతికాను. పార్టులైపోయాక కనపడిన నంబరల్లా కొట్టాను. మా క్వార్టరు నంబరు 741 కొడితే ఆంప్లిఫయరు ఐసీ వచ్చింది. ఇంటికి పోయి, "మనింటికి ఎనిమిది కాళ్లున్నాయి, తెలుసా?" అన్నాను. మా ఆవిడ చెయ్యి నా నుదుటిమీద పెట్టి చూసింది. నేనెక్కిన ట్రాము మీద 324 అని ఉంటే, ఆ ట్రాముకి పద్నాలుగు కాళ్లని తేలింది. మరచిపోతానేమోనని ఆ వరసంతా తెలుగులో రాసి పెట్టుకుందామనుకున్నాను, కానీ బల్లమీద రాస్తే దాదా కంట్లో పడుతుంది. అందుకని స్టూలు తిరగేసి అడుగున పెన్సిలుతో రాశాను: "కంట్రోలు పట్టి ఎల్. డి. ఓ జాగా. నంబరు. ఎంటరు." మరిచిపోయినప్పుడల్లా స్టూలు కాలు వదులైందని చెప్పి తిరగేసేవాణ్ణి. "ఆ స్టూలుకేమైంది, రోజుకి ఆరుసార్లు వదులవుతోంది?" అని దాదాకి ఒకటే ఆశ్చర్యం.

ఇంతలో అసలు పరీక్ష రానే వచ్చింది. మా గల్లీ చివర మిఠాయి దుకాణం ఉంది, దాని యజమానిని దోయి బాబు అనేవాళ్లం, దోయి అంటే పెరుగు. మట్టిముంతల్లో తియ్యటి పెరుగు తోడుపెట్టడంలో ఆయనకి పేరు. చలికాలం పెరుగు సరిగ్గా తోడుకోవాలని ఒక చిన్న వెచ్చటి గది కట్టించుకున్నాడు. అందులో ఒక హీటరు, వేడెంతో అంకెల్లో చూపించే ఒక పెట్టె, ఆ పెట్టెనించి తీగ చివర ఒక బుల్లి సెన్సరు. గది చల్లబడితే హీటరు వెలుగుతుంది, వేడెక్కితే ఆరిపోతుంది. ఆ సెన్సరుని ఎలుక కొరికేసింది. మూడు తీగలూ ఊడిపోయాయి, ఏది ఏ కాలిదో తెలీదు. ఎల్లుండి ఒక పెళ్లికి నూట యాభై ముంతలు ఇవ్వాలి. ఆ రోజేమో బంద్. చాందినీ మూత, పుస్తకం ముసలాయన మూత. దోయి బాబు మా షాపు సగం దించిన షట్టరు కిందనించి వంగి వచ్చి, "మోశాయ్, అయ్యా, నా పరువు మీ చేతుల్లో ఉంది," అన్నాడు. దాదా నావైపు చూసి, "కాదు, ఇతని చేతుల్లో," అన్నాడు.

సెన్సరు మీద ఎల్ఎం 35 అని ఉంది. నేనెప్పుడూ వాడిన పార్టు కాదు, కానీ పాత డబ్బాలో కొత్తవి రెండున్నాయి. దాదా నా భుజం మీదనించి చూస్తున్నాడు, దోయి బాబు దాదా భుజం మీదనించి చూస్తున్నాడు. ఎర్రమీట పట్టి ఎల్. డి. జాగా. ఎల్ ఎం మూడు అయిదు. ఎంటర్. పేజీ దిగింది! సగం చందమామలాంటి బొమ్మ, అందులో మూడు కాళ్లు. ఎడమది కరెంటు, మధ్యది జవాబు, కుడిది భూమి, అంటే ఎర్తు. "బాప్ రే!" అన్నాడు దాదా. జీవితంలో నేను సంపాదించిన బిరుదు అదొక్కటే. దోయి బాబు గదికి పోయి, సెన్సరుని ముఖాముఖీ పట్టుకుని, బొమ్మలో ఉన్నట్టే టంకం పెట్టి స్విచ్చి వేశాను. పెట్టె మీద అంకె వెలిగింది. ముప్పై. ముప్పై ఆరు. నలభై. దోయి బాబుకి కావలసింది నలభై రెండు. నలభై రెండు! అందరూ చప్పట్లు కొట్టారు. నా నోట్లో ఒక సందేశ్ మిఠాయి, చేతిలో ఇంకొకటి. ఆ అంకె అక్కడ ఆగిందో లేదో చూడడానికి ఎవరూ ఆగలేదు, నేనైతే అసలే ఆగలేదు. ఇంటికి పోతూ దారి పొడుగునా కనపడిన ప్రతి మనిషికీ చెప్పుకుంటూ పోయాను.

మర్నాడు పొద్దున్న షట్టరు ఎత్తేసరికి దోయి బాబు ఒక ముంత పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముంత వంచాడు. పాలు. తియ్యటి, చల్లటి, నిక్షేపమైన పాలు మా కౌంటరు మీద పారాయి.

"ఎటా కీ?" ఏమిటిదన్నాడు దాదా.

"పెరుగట! మీ కంప్యూటరు మిస్త్రీని అడగండి! పెట్టె మీద అంకె ఎనభై చూపిస్తోంది, గదిలో నేను స్వెట్టరు వేసుకుని నిలబడ్డాను!"

పరిగెత్తి పోయి చూశాను. హీటరు చల్లగా పడుంది. సెన్సరుని రెండువేళ్లతో పట్టుకున్నాను, చుర్రుమని వేళ్లు కాలాయి. గది జ్వరం చూడాల్సినదానికే జ్వరం వచ్చింది! తన వేడినే గది వేడనుకుని, ఇంక చాలు చాలని హీటరుని ఆర్పేసింది. షాపుకి తిరిగొచ్చి, "మిషను అబద్ధం చెప్పింది దాదా," అన్నాను. సొంత తప్పుకి నాకు మొదట తోచే వివరణ అప్పుడూ ఇప్పుడూ అదే.

దాదా అరవలేదు. అరిస్తే బాగుండేది. "బంద్ అయిపోయింది కదా. చాందినీకి పో. పుస్తకం ముసలాయన్ని అడిగి రా," అని మెల్లిగా అన్నాడు. కిటికీ పక్క స్టూలు వైపు చూశాను. వెనకగది వైపు కూడా చూశాను. "ఒక్క ఫోను చేసుకోనీ దాదా," అన్నాను.

మేనకోడలు ఇంకా కాలేజీకి బయల్దేరలేదు. అంతా విని, "మావయ్యా, బొమ్మ కింద ఏటి రాసుంది?" అంది.

"ఏదో ఇంగ్లీసు. నాకేటి తెలుసు?"

"ఒక్కో అక్షరం చెప్పు."

"బి. సున్నా. టి. ఇంకో టి. మళ్లీ సున్నా. ఎం."

అవతల పెన్సిలుతో రాసుకుంటున్న చప్పుడు. "తర్వాతి మాట?"

"వి. ఒక నిలువు గీత. మూడు పళ్ల దువ్వెన. తిరగేసిన ఎం."

అవతల ఒక్కసారిగా నవ్వు. "మావయ్యా, అది బాటమ్ వ్యూ! బొమ్మ ముందునించి కాదు, అడుగునించి గీసింది! కాళ్లు నీకేసి పెట్టుకుని చూడాల! నువ్వు ఎదురుగుండా చూసి కుడెడమలు మార్చీసేవు. కరెంటు పోవాల్సిన కాలికి భూమి ఇచ్చీసేవు, పాపం అది కాలిపోదా?"

రిసీవరు పెట్టేసి, రెండో సెన్సరు తీసి, కాళ్లు నా ముఖం వైపు తిప్పుకుని బొమ్మతో పోల్చాను. సరిగ్గా దిగింది! సిగ్గు, ఆనందం ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తాడో తెలీదు, నేనైతే పరిగెత్తాను. గల్లీలో ఎవరి బకెట్టో తన్నేశాను, వాళ్లు బెంగాలీలో తిట్టారు, నేను తెలుగులో క్షమాపణ చెప్పాను. టంకం పెట్టి స్విచ్చి వేస్తే పెట్టె మీద అంకె పందొమ్మిది. హీటరు ఎర్రబడింది. ఈసారి సందేశ్ ఎవరూ ఇవ్వలేదు, నేను కూడా వెళ్లలేదు. పాలముంతల మధ్య ఒక పీట వేసుకుని ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఎనిమిది. ముప్పై అయిదు. నలభై ఒకటి. నలభై రెండు. హీటరు ఆరింది. కాస్సేపటికి నలభై ఒకటి. హీటరు వెలిగింది. నా గుండె కూడా దాంతో పాటే ఆరుతూ వెలుగుతూ ఉంది. చీకటి పడేవేళకి దోయి బాబే వచ్చి, "ఇంక లే నాయనా, నువ్వు చూస్తూంటే అది సిగ్గుపడి తోడుకోదు," అని పంపేశాడు.

పెళ్లిరోజు పొద్దున్న దోయి బాబు మళ్లీ ముంతతో వచ్చాడు. తిన్నగా దాదా దగ్గరికి పోయి, ముంతని ఆయన తలమీదకి ఎత్తి బోర్లించాడు! (వాళ్లలో పెరుగు గట్టిదనం అలాగే చూపిస్తారు, కానీ మామూలుగా కొనేవాడి తలమీద కాదు.) దాదా ఒక్క క్షణంలో గొడుగు తెరిచేశాడు. షాపు మధ్యలో తెరిచిన గొడుగు, దాని మీద బోర్లించిన ముంత, ముంత పట్టుకుని దోయి బాబు. ఒక్క చుక్క పడలేదు. నేను గొడుగు పక్కకి దూరి, మెడ విరిచి, కిందనించి ముంతలోకి చూశాను. ఎర్రటి మీగడ కదలకుండా అంటిపెట్టుకుని ఉంది. "బాగుంది దాదా," అన్నాను, "అడుగునించి కూడా చూశాను."

దాదా గొడుగు ముడిచి, ఆ గొడుగు కొనతోనే కిటికీ వైపు చూపించాడు. పోయి నా స్టూలు మీద కూర్చున్నాను.

ఒకటో తారీఖున డిప్లొమా అబ్బాయి కూడా వచ్చాడు, మాట ఇచ్చేశారు కాబట్టి. అతనికి దాదా ఇంకో స్టూలు కొన్నాడు. మంచివాడే. పార్టు కావలసినప్పుడల్లా పెద్ద పెద్ద ఇంగ్లీషు వాక్యాలు కొట్టి, వచ్చిన వంద పేజీల్లో తప్పిపోయేవాడు. వారం రోజులు చూసి ఉండబట్టలేక, "డి కొట్టు బాబూ," అన్నాను. చాందినీ ముసలాయనలా ఇంకో మాట కూడా కలుపుదామనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఇప్పుడు ఆ షాపు లేదు, అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. స్టూలు మాత్రం నేను అడిగి తెచ్చుకున్నాను. మా ఆవిడ దాని మీద తులసికుండీ పెట్టింది. మేనకోడలు ఖరగ్‌పూర్‌లో రైల్వే సిగ్నళ్ల ఆఫీసులో పనిచేస్తోంది, నాకు ఫోనులో తెలుగులోనే రాస్తుంది. అప్పుడప్పుడు, మా ఆవిడ బజారుకి పోయినప్పుడు, కుండీ దించి స్టూలు తిరగేస్తాను. పెన్సిలు గీతలు ఇంకా ఉన్నాయి. నాలుగేళ్లవాడి దస్తూరీ, ఒక్కో అక్షరం ఒక్కో పక్కకి పడిపోతూ. దాని కింద ఇంకా వంకరగా ఇంకొక వరస, నా దగ్గర అ ఆలు మొదలెట్టిన మూడో నెల్లో మేనకోడలు సొంతంగా రాసిన మొదటి తెలుగు వాక్యం: "కింద నించి చూడు మావయ్య."

చూస్తాను. ఎనిమిది కాళ్ల ఇంట్లోంచి బయల్దేరి పద్నాలుగు కాళ్ల ట్రామెక్కి, ఒక్క వేలితో లోకాన్నంతా వెతికేద్దామని పోతున్న ఆ పిచ్చివాడు అక్కడ కనపడతాడు. వాడికేదైనా చెబుదామనుకుంటాను, ఇంతలో గేటు చప్పుడవుతుంది, స్టూలు కాలు వదులైందని సర్దుకుని కుండీ మళ్లీ పైకెత్తుతాను.